చివరి చుక్క దగ్గర నిలబడేవాడు

వెస్లీ కిన్నునెన్‌ను మనం మడ్ లేక్ వేటగాళ్ళ క్లబ్బు గుమ్మంలో వదిలేశాం. ఆదివారం మధ్యాహ్నం, చర్చికి వేసుకెళ్ళిన బూట్లతోనే వచ్చి, తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు పాపం. లోపల పదకొండు మంది మాటలు వినిపిస్తున్నాయి. వాళ్ళందరికీ అధ్యక్షుడు తనే. వాళ్ళు వెతుకుతున్న దొంగ కూడా తనే. ఈ రెండో సంగతి లోపలివాళ్ళకి ఇంకా తెలియదు.

ఆ దొంగతనం ఏమిటో కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. వెస్‌కి అరవై ఎనిమిదేళ్ళు. ఇనుప గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "క్లబ్బుందిగా" అనేవాడు. నవ్వుతూ అనేవాడు గానీ అందులో అబద్ధమేమీ లేదు. అక్టోబరు ఒకటిన విల్లంబులతో వేటాడే కాలం మొదలవుతుంది, నవంబరు పదిహేనున తుపాకుల కాలం. ఆ రెండు నెలల కోసం మిగతా పది నెలలూ ఎలాగో వెళ్ళబుచ్చేవాడు. చేత్తో లాగేదే విల్లు, తక్కినవేవీ విల్లు కాదని అతని సిద్ధాంతం. భుజానికి ఆనించి మీట నొక్కే క్రాస్‌బో ఉంది చూశారూ, దాన్ని "తాడు కట్టిన తుపాకీ" అనేవాడు. విల్లంబుల కాలంలో దాన్ని వాడుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకున్నా ఇతను ఒప్పుకోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. క్లబ్బు నేల పన్నెండు వందల ఎకరాల్లో ఎవడైనా క్రాస్‌బో పట్టుకుంటే వేట గుడిసె తాళంచెవి అక్కడ పెట్టి క్లబ్బు వదిలి వెళ్ళిపోవాలని నియమం రాయించాడు. రాయించడమేమిటి, ఆ వాక్యం అతని దస్తూరీయే.

అలాంటి మనిషికి ఈ వేసవిలో కుడి భుజం లోపల కండరం తెగింది. విల్లు ఎక్కుపెడితే నారి గడ్డం దాకా కూడా రావడం లేదు. ఎవరికీ చెప్పలేదు. నాలుగు గంటలు కారు నడుపుకుంటూ గ్రీన్ బే నగరం దాకా పోయి, తన మొహం తెలిసినవాళ్ళు లేని కొట్లో క్రాస్‌బో కొన్నాడు. మొన్న మంగళవారం పొద్దున్నే క్లబ్బు నేల మీది మంచె మీంచి మంచి కొమ్ములున్న మగజింకను కొట్టాడు. గుండెకి తగలాల్సిన బాణం ఒక జానెడు వెనక్కి తగిలింది. జింక దేవదారు చిత్తడిలోకి పడి పరిగెత్తింది.

ఆ ప్రాంతంలో జింకను కొట్టినవాడు మొట్టమొదట చేసే పని ఫోను తియ్యడం. పిలుపు అందుకున్నవాడు కాఫీ కప్పు ఎక్కడుంటే అక్కడ వదిలేసి వస్తాడు. ఒకడు చివరి నెత్తుటి చుక్క దగ్గర కదలకుండా నిలబడాలి. రెండోవాడు అతని చుట్టూ సున్నాలు చుడుతూ తరవాతి చుక్క వెతకాలి. దొరికిందని కేక వేస్తే మొదటివాడు అక్కడికి జరుగుతాడు. అలా చుక్కచుక్కకీ ఇద్దరూ నడుస్తారు. ఒంటిచేతి మీద అయ్యే పని కాదది. వెస్ జేబులో ఫోనుంది, గట్టు మీద సిగ్నలుంది. కానీ వచ్చినవాడికి కళ్ళుంటాయి కదా, క్రాస్‌బో కనపడుతుంది. అందుకని ఒక్కడే మోకాళ్ళ మీద పాకుతూ, కనపడిన ప్రతి చుక్క దగ్గరా టాయిలెట్ కాగితం ముక్క కొమ్మకి తగిలిస్తూ మధ్యాహ్నం దాకా వెతికాడు. వాగు ఒడ్డున నెత్తురు ఆగిపోయింది. జింక దొరకలేదు. శుక్రవారం నాడు క్లబ్బు సెక్రటరీ మార్లిస్ కుక్కకి దొరికింది, అప్పటికి నక్కలు తినగా మిగిలింది.

అతను గొళ్ళెం తీసి లోపలికి వెళ్ళాడు.

కట్టెల పొయ్యి భగభగమంటోంది. బల్ల మీద ఒక పక్క కాఫీ కూజా, మాంసమూ దుంపలూ కూరిన పాస్టీల పళ్ళెం. ఇంకో పక్క పాత పేపరు పరిచి, దాని మీద పొట్టి బాణం పెట్టారు. ములికి దగ్గర నెత్తురు ఎండి నల్లబడింది. దాని వంక చూడకూడదని ఎంత అనుకున్నా వెస్ కళ్ళు ముందు అక్కడికే వెళ్ళాయి.

"వచ్చావా, వెస్? ముందు దీని మీద సంతకం కొట్టు" అన్నాడు ట్రాయ్ బెసెట్. నలభై ఏళ్ళవాడు, చలికాలంలో రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతాడు. లారీ ఆపినా నోరు ఆగదు. అతని చేతిలో రాజధానికి పంపే ఉత్తరం ఉంది. తుపాకుల మీద ఏవో కొత్త నిబంధనలు తెస్తారని వినగానే అతను రాసినది.

"అందరూ పెట్టారా?"

"ఇద్దరు తప్ప. నువ్వొకడివి, మన సెక్రటరీ గారొకరు."

మార్లిస్ హౌటలా మినిట్స్ పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఆమె జిల్లా ఆసుపత్రిలో నర్సు. క్లబ్బు పెట్టినవాళ్ళలో ఆమె తండ్రి ఒకడు. "ఇంట్లో పిల్లలుంటే తుపాకీకి తాళం వేసుకో అన్నంత మాత్రాన కొంపలేం మునిగిపోతాయి, ట్రాయ్? గాయాలకి కట్లు కట్టేది నేను. నువ్వు కాదు" అంది.

"ఇవాళ తాళం వెయ్యమంటారు. రేపు ఆ తాళంచెవి మాకిమ్మంటారు."

"ఇస్తే మాత్రం ఏం? నువ్వు ఎలాగూ గురి చూసి కొట్టిందేం లేదుగా."

షెడ్డంతా గొల్లున నవ్వింది. ట్రాయ్ కూడా నవ్వి, ఉత్తరంలో తనకి బాగా నచ్చిన వాక్యం మళ్ళీ గట్టిగా చదివాడు. "వేటగాడి చేతిలో ఏముండాలో వేటగాడే తేల్చుకుంటాడు. ఎలా ఉంది, వెస్?"

"బావుంది" అని వెస్ సంతకం పెట్టాడు. ఆ నవ్వుల మధ్య కూర్చుంటే ఒంట్లోకి వేడి వచ్చింది. ఈ ఒక్క షెడ్డు, ఈ పదకొండు మంది ఎగతాళి, ఈ మాడిన కాఫీ లేకపోతే తనకి లోకంలో ఇంకేముందో ఆలోచించాడు. ఇల్లుంది, అందులో టీవీ ఉంది. అంతకు మించి ఏమీ తట్టలేదు.

తలుపు తెరుచుకుంది. చలిగాలితో పాటు రోయ్ స్కోగ్‌మన్ లోపలికి వచ్చాడు. నవ్వులు ఆగిపోయాయి.

రోయ్ గురించి కూడా చెప్పాలి. కాగితం మిల్లుకు దుంగలు తోలేవాడు. ఆరేళ్ళ కిందట లారీ గొలుసు బిగిసి కుడిచేతి చూపుడు వేలూ మధ్య వేలూ పోయాయి. నారి లాగే వేళ్ళు సరిగ్గా అవే. మరుసటేడు వచ్చి క్లబ్బు నేల మీద తన ఒక్కడికీ క్రాస్‌బో వాడుకోనివ్వమని అడిగాడు. "ఇవాళ ఒకడు వేళ్ళు లేవంటాడు, రేపు ఇంకొకడు ఓపిక లేదంటాడు" అని అందరి ముందూ కొట్టిపారేసింది వెస్సే. అంతకు ముందు పాతికేళ్ళు వీళ్ళిద్దరూ ఒకరి జింకకు ఒకరు తోడు నడిచినవాళ్ళు. ఆ రోజు నుంచి రోయ్ తుపాకుల కాలంలో మాత్రం వచ్చి పలకరింపుగా తల ఊపి వెళ్తున్నాడు. విల్లంబుల రోజుల్లో ప్రభుత్వ అడవిలో తిరుగుతాడు. వెస్‌కి ఫోను చెయ్యడు. వెస్ కూడా చెయ్యలేదు.

"రమ్మన్నారట?" అన్నాడు రోయ్, టోపీ మీది మంచు దులుపుకుంటూ.

ట్రాయ్ పేపరు వైపు వేలు చూపించాడు. "ఇది నీకేమైనా తెలుసా?"

రోయ్ వంగి చూశాడు. "బాణం."

"ఎంత పొడుగు?"

"పొట్టిది. క్రాస్‌బోది. నీకు చదువు చెప్పడానికి పిలిచారా నన్ను?"

"మన చిత్తడిలో మంచి మగజింక కుళ్ళి చచ్చింది, రోయ్. దాని పక్కలో ఉంది ఇది. ఈ గదిలో క్రాస్‌బో ఉన్నవాడివి నువ్వొక్కడివే."

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు వెస్ ఎడమచెయ్యి దానంతటదే కుడి భుజం మీదికి వెళ్ళింది. అతనికి అక్కడ నిజంగానే నొప్పి, కాదనం. అయినా సరే, చప్పున దించేసి కాఫీ కప్పు పట్టుకున్నాడు.

రోయ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోపం వచ్చినట్టు లేదు. "నీ విల్లుకి గిలకలెన్ని, ట్రాయ్?"

"రెండు. అయితే?"

"గురి చూడ్డానికి అద్దం?"

"ఉంది."

"నారి వేళ్ళతోనే వదుల్తావా?"

"లేదు... దానికో చిన్న కొక్కెం ఉంటుంది. నొక్కితే వదుల్తుంది. అందరూ అదే వాడతారు!"

"నుయ్యి మీద బిగిస్తే నీళ్ళు తోడుకోవచ్చు దాంతో. అది విల్లు, నాది తుపాకీ. బావుంది లెక్క." రోయ్ బల్ల మీది ఉత్తరం తన వైపు తిప్పుకుని చదివాడు. "వేటగాడి చేతిలో ఏముండాలో వేటగాడే తేల్చుకుంటాడు. ఎవరు రాశారు? చక్కగా ఉంది. రాజధాని వాడు మీ చేతిలోది లాక్కుంటే అన్యాయం. మీరు నా చేతిలోది లాక్కుంటే మాత్రం నియమం. వెస్, నీ సంతకం కూడా ఉందే."

భుజం తెగక ముందయితే వెస్ గంట సేపు వాదించేవాడు. తుపాకీ అయితే దూరం నుంచి ఎవడైనా కొడతాడు, విల్లయితే దగ్గరికి వెళ్ళాలి, ఊపిరి బిగబట్టాలి, చేతులు వణుకుతుండగా ఆగాలి, ఆ కష్టానికే ఆరు వారాలు విడిగా ఇచ్చారు అనేవాడు. ఇప్పటికీ అది నిజమేనని అతని నమ్మకం. నమ్మకం అలాగే ఉంది, చెయ్యి మాత్రం లేవడం లేదు.

"మాట మార్చకు" అన్నాడు ట్రాయ్. "కొట్టావు సరే, వెతకనైనా వెతకొద్దా? మాంసమంతా నక్కలపాలు!"

"వెతికాడు" అంది మార్లిస్.

అందరూ అటు తిరిగారు. ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"జింక దగ్గర్నుంచి నేను వెనక్కి నడిచాను. కొట్టిన చోటి నుంచి వాగు దాకా కొమ్మకొమ్మకీ కాగితం ముక్కలున్నాయి. ఎంత చిన్న చుక్కనీ వదల్లేదు. నాచు మీద మోకాళ్ళ గుర్తులున్నాయి, చేతుల గుర్తులున్నాయి. పాకాడా మనిషి. వాడెవడో గానీ చెడ్డ వేటగాడు కాదు. వాగు దగ్గర జాడ పోయింది. జింక నీళ్ళు దాటి అవతలి ఒడ్డున దేవదారు కింద పడిపోయింది. చివరి గుర్తుకి అక్కడికి ఎంత దూరమో కొలిచాను. నలభై అడుగులు."

"నలభై గజాలా?" అన్నారెవరో.

"కాదు. నా అడుగులు నలభై. ఇవతల ఒక మనిషి నిలబడి, అవతల ఇంకో మనిషి తిరిగి ఉంటే పది నిమిషాల్లో దొరికేది. వాడికి రెండో మనిషి లేడు. అంతే."

నలభై అడుగులు. ఆ సంగతి వెస్‌కి ఇప్పుడే తెలిసింది. శుక్రవారం దాకా జింక బతికిపోయిందేమోనని, ఆ తరవాత మైళ్ళ దూరం పోయి పడి ఉంటుందని తనకి తాను చెప్పుకుంటూ వచ్చాడు. తను ఆ ఒడ్డున మోకాళ్ళ మీద కూలబడి రొప్పుతుంటే అది ఎదురుగానే ఉంది. అతనికి ఏడుపు వచ్చింది. అరవై ఎనిమిదేళ్ళవాడు పదిమందిలో ఏడవకూడదు గనక కాఫీ మింగాడు.

"సరే, మరి నియమం ప్రకారం తేల్చండి" అన్నాడు ట్రాయ్. "రోయ్ దగ్గర్నుంచి తాళంచెవి వెనక్కి తీసుకోవాలని నేను ప్రతిపాదిస్తున్నాను. వెస్, ఓటు పెట్టు."

అధ్యక్షుడు ఓటు పెట్టాలి. వెస్ నోరు తెరిచాడు. ఒక్క మాట చెబితే రోయ్ ఒడ్డున పడతాడు, తను మునుగుతాడు. ఊరుకుంటే ఈ కుర్చీ, ఈ పొయ్యి, నవంబరులో గుడిసెలో పన్నెండు మంది గురకలూ తనకి మిగులుతాయి. రోయ్ ఎలాగూ ఏడాదికి పది రోజులు వచ్చేవాడే కదా అని మనసు మెల్లగా గొణిగింది. అలా గొణిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మాట పెగల్లేదు.

రోయ్ అతని వంకే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తరవాత జేబులోంచి గుడిసె తాళంచెవి తీసి బాణం పక్కన పెట్టాడు.

"ఓటెందుకు? నాదే. రాసుకో, మార్లిస్."

మార్లిస్ కళ్ళు చిట్లించింది. "నీదైతే ఒక్కటి చెప్పు. చివరి చుక్క దగ్గర కాగితం లేదు. ఇంకేదో కట్టి ఉంది. ఏమిటది?"

"ఏదో కట్టాను. గుర్తులేదు. రాసుకోమన్నానా" అంటూ లేచి, టోపీ పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. బయట అతని లారీ తలుపు చప్పుడైంది గానీ ఇంజను చప్పుడు రాలేదు.

"తేలిపోయింది" అన్నాడు ట్రాయ్, పాస్టీ అందుకుంటూ.

మార్లిస్ పుస్తకంలో ఒక్క అక్షరం కూడా రాయలేదు. వెస్‌కి అది కనిపించింది.

"ఆ బాణం నాది" అన్నాడు వెస్.

ఎవరికీ సరిగ్గా వినపడలేదు. మళ్ళీ చెప్పాడు. "నాది. మంగళవారం. నేనే కొట్టాను."

ముందు ట్రాయ్ నవ్వాడు, తరవాత అందరూ నవ్వారు. మంచి మనసుతో నవ్విన నవ్వే. "నువ్వా? క్రాస్‌బోనా? పాత స్నేహితుడని వెనకేసుకొస్తున్నావు, అర్థమైందిలే. కాస్త నమ్మేలా చెప్పు, వెస్!"

"నిజంగా నేనే, ట్రాయ్."

"అవును, నేను చర్చి ఫాదర్‌ని." మళ్ళీ నవ్వులు.

ముప్ఫై ఏళ్ళుగా తను తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు తనకే అడ్డం నిలబడ్డాయి. తప్పు ఒప్పుకుంటున్నా వీళ్ళు నమ్మడం లేదు. ఇంతమంది మధ్య ఇంత ఒంటరిగా అతను ఎప్పుడూ లేడు, ఆ వాగు ఒడ్డున కూడా.

"వెస్ అంకుల్" అంది మార్లిస్. ఆమె మాత్రం నవ్వలేదు. "చివరి చుక్క దగ్గర ఏం కట్టారు?"

"బూటు తాడు" అన్నాడు వెస్. "కాగితం అయిపోయింది. ఎడమ బూటు తాడు విప్పి కట్టాను, చిన్న ఆల్డర్ చెట్టు కొమ్మకి. పసుపూ నలుపూ గళ్ళది."

మార్లిస్ కోటు జేబులోంచి పసుపూ నలుపూ గళ్ళ తాడు తీసి బల్ల మీద పెట్టింది. అది అప్పటిదాకా ఎవరూ చూడలేదు. పాస్టీ నములుతున్న ట్రాయ్ నోరు ఆగిపోయింది.

"కంచే చేను మేసిందన్నమాట" అన్నాడు చివరికి, చాలా నెమ్మదిగా. అతని గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ వినిపించింది.

"భుజం పోయింది" అన్నాడు వెస్. "విల్లు లాగలేను. మీకు చెప్తే... చెప్పలేకపోయాను. ఓటు పెట్టండి."

"మీ మీద ఓటు మీరు పెట్టకూడదు" అంది మార్లిస్. "మీ తరవాత సీనియర్ రోయ్, ఆ కుర్చీలో అతను కూర్చోవాలి. ట్రాయ్, వెళ్ళి రోయ్‌ని పిలు. ఇంకా ఇక్కడే ఉన్నాడు."

రోయ్ వచ్చాడు. జరిగిందంతా మార్లిస్ రెండు ముక్కల్లో చెప్పింది. అతను ఆశ్చర్యపోలేదు. వెస్ లేచి ఇచ్చిన కుర్చీలో కూర్చున్నాడు. వెస్ బల్లకి అవతల నిలబడ్డాడు.

"నీకు తెలుసా?" అని అడిగాడు వెస్.

"బాణం సంగతి ఇక్కడికొచ్చాకే తెలిసింది. మంగళవారం సంగతి అప్పుడే తెలుసు." రోయ్ తన తాళంచెవి తిరిగి జేబులో వేసుకున్నాడు. "తూము దగ్గర రోడ్డు మీంచి వెళ్తుంటే నీ కారు కనిపించింది. చిత్తడిలో నువ్వు మోకాళ్ళ మీద ఉన్నావు. దెబ్బ తిన్న జింక జాడ తియ్యడం నాకు తెలియదా? ఇంజను ఆపి, బూట్ల తాళ్ళు బిగించుకుని కూర్చున్నా. ఫోను ఒళ్ళో పెట్టుకుని మూడు గంటలు కూర్చున్నాను, ఒరేయ్. ఇప్పుడు చేస్తాడు, ఇప్పుడు చేస్తాడు అని."

"పిలవకుండా రావచ్చుగా" అన్నాడు వెస్.

"పిలవందే ఇంకొకడి జాడలో కాలు పెట్టకూడదని నాకు నేర్పింది ఎవరు?"

పొయ్యిలో కట్టె విరిగి పడింది. ఎవరూ లేచి సర్దలేదు.

"ఇందాక నాదేనని ఎందుకన్నావు మరి?" అంది మార్లిస్.

"వీడు నోరు విప్పుతాడో లేదో చూద్దామని. విప్పాడు. అది సంతోషమే." రోయ్ కుర్చీలో నిటారుగా అయ్యాడు. "సరే, ఓటు పెడుతున్నా. వెస్లీ కిన్నునెన్ దగ్గర్నుంచి తాళంచెవి వెనక్కి తీసుకోవాలన్నవాళ్ళు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. ట్రాయ్ తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. వెస్ గుండెలో చిన్న ఆశ మెదిలింది. వీళ్ళు తనని పంపెయ్యరు, ఎలా పంపుతారు అనుకున్నాడు.

"ఇది క్రాస్‌బో పట్టుకున్నందుక్కాదు, వెస్" అన్నాడు రోయ్. "నన్ను పిలవనందుకు."

అని తన మూడు వేళ్ళ చెయ్యి పైకెత్తి, దించకుండా పట్టుకున్నాడు. మిగతా పదకొండు మందీ ఆ చేతి వంకే చూస్తున్నారు.